రొట్టెపై రంగవల్లి

ఆకలి తీరడానికి అన్నం చాలు. కాని మనిషి అంతటితో తృప్తి పడలేదు. సంక్రాంతి సమీపించగానే తెలంగాణ పల్లెలలో స్త్రీలు పరిశుభ్రమైన గుడ్డ పరచి, తడి బియ్యపు పిండిని వేళ్ల సందున మెలిపెడుతూ, వలయం చుట్టూ వలయంగా సకినాలను చుడతారు. కజ్జికాయ అంచును జడ అల్లినట్లు మడతలు పెట్టి మూస్తారు. మెలిక తిరిగిన సకినానికి, తిరగని సకినానికి రుచిలో భేదం లేదు. అయినా చేయి తిరిగిన ఇల్లాలు వచ్చి కూర్చుంటే తప్ప ఆ పని మొదలు కాదు. తినేముందు కంటికి ఇంపుగా ఉండాలన్న కోరిక అంత బలమైనది.

ఆ కోరిక ఇటీవలి కాలంలో డబల్ రొట్టె మీదికి కూడ ప్రాకింది. హైదరాబాదు ప్రాంతంలో బ్రెడ్డును డబల్ రొట్టె అనడం పరిపాటి. పొయ్యిలో కాలేటప్పుడు పొంగి రెట్టింపవుతుంది కనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ ముక్కలను నేతిలో ఎర్రగా వేయించి, పాకంలోను పాలలోను నానబెడితే విందు భోజనాలలో వడ్డించే డబల్ కా మీఠా అవుతుంది. హైదరాబాదు నుండి నాగార్జునసాగరుకు పోయే దారిలో, కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువును ఆనుకొని ఉన్న మా ఇబ్రహీంపట్నం చుట్టుప్రక్కల ఇప్పుడు ఇంజనీరింగు కళాశాలలు అనేకం వెలసినాయి. వాటిలో చదివే పిల్లలు అద్దెగదులలో వంట చేసికొంటారు. ఉదయం తొమ్మిది గంటల బస్సు అందుకోవాలంటే ఉప్మా కంటె రొట్టెముక్క కాల్చుకొనడం తేలిక. అందుచేత వారి గదులలో ఒక మూల టోస్టరు కనబడుతుంది. దాని ప్రక్కనే ఒక స్క్రూడ్రైవరు కూడ కనబడుతుంది. ఈ రెండింటిని ఒకచోట చూచినపుడు, కాలిన రొట్టె మీద నెమలినో, పువ్వునో, తన పేరునో తెప్పించగలనా అన్న ఆలోచన రాని విద్యార్థి అరుదు. ఆ ఆలోచన మంచిదే. దానిని ఆచరణలో పెట్టే మార్గాలు మాత్రం అన్నీ మంచివి కావు.

ముందుగా రొట్టె ఎందుకు రంగు మారుతుందో తెలిసికొందాం. తెల్లని రొట్టెలో పిండిపదార్థంతో పాటు కొద్దిగా చక్కెరలు, మాంసకృత్తులు, ఇంచుమించు మూడవ వంతుకు మించి నీరు ఉంటాయి. సెగ తగలగానే మొదట ఆవిరయ్యేది పైపొరలోని నీరు. ఆ నీరు ఉన్నంత సేపు ఆ పొర ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్‌ను దాటదు. రొట్టె తెల్లగానే ఉంటుంది. తడి ఆరిన పిదప ఉష్ణోగ్రత వేగంగా పెరిగి 140 డిగ్రీల ప్రాంతానికి చేరుతుంది. అప్పుడు చక్కెరలు, మాంసకృత్తులలోని అమైనో ఆమ్లాలు పరస్పరం చర్య జరిపి గోధుమవన్నె పదార్థాలను, కమ్మని వాసననిచ్చే పదార్థాలను పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కామిల్ మెయార్ వర్ణించాడు. అందులోని దశల క్రమాన్ని 1953లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు జాన్ హాడ్జ్ విశదీకరించాడు. దోసె అంచున వచ్చే ఎరుపు, వేయించిన ఉల్లిపాయ వన్నె, కాఫీగింజల సువాసన, వీటన్నిటిలోను ఈ చర్య పాత్ర ఉన్నది.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటి ఉన్నది. తెల్లని తలం తనపై పడిన వేడిని కొంత వెనుకకు పంపుతుంది. గోధుమవన్నె తలం ఎక్కువగా పీల్చుకొంటుంది. కనుక రొట్టె ఎంత ఎర్రబడితే అంత వేగంగా మరింత ఎర్రబడుతుంది. మొదటి నిమిషమంతా ఏమీ జరగనట్లుండి, చివరి కొద్ది క్షణాలలో బంగారు వన్నె కాస్తా బొగ్గుగా మారడం మనకందరికీ అనుభవమే. రొట్టె మీద బొమ్మ గీయడంలోని కష్టమంతా ఆ కొద్ది క్షణాలలోనే ఉన్నది.

టోస్టరు లోపల అభ్రకపు పలకల మీద సన్నని లోహపు పట్టీ చుట్టి ఉంటుంది. అది నికెలు, క్రోమియం కలిసిన నైక్రోమ్ అనే మిశ్రలోహం. మామూలు ఇనుప తీగను ఎర్రగా కాగేటట్లు చేస్తే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి త్వరలోనే తునిగిపోతుంది. నైక్రోమ్ అట్లా కాదు. వేడెక్కినపుడు దాని పైన ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొరే దానికి కవచమై కాపాడుతుంది. ఈ మిశ్రలోహానికి అమెరికాకు చెందిన ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. తరువాత మూడేండ్లకే, 1909లో, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ విద్యుత్తుతో పనిచేసే టోస్టరును విక్రయించింది. కాలిన రొట్టె తనంత తాను పైకి లేచే ఏర్పాటుకు చార్లెస్ స్ట్రైట్ 1921లో పేటెంటు పొందాడు. యంత్రంతో సమానంగా కోసిన రొట్టెముక్కలు 1928లో అమెరికాలోని మిసోరీ రాష్ట్రంలో తొలిసారిగా అంగడికి వచ్చిన తరువాత ఈ పరికరానికి గిరాకీ హెచ్చింది. స్కాట్లండు దేశస్థుడొకడు 1893లో విద్యుత్ టోస్టరును కనిపెట్టాడన్న కథ కూడ కొంతకాలం ప్రచారంలో ఉండేది. 2012లో కొందరు విద్యార్థులు వేడుకకు వికీపీడియాలో కల్పించి వ్రాసిన ఆ కథను పత్రికలు, పుస్తకాలు సైతం నమ్మినాయి. చివరకు 2022లో ఒక బడిపిల్లవానికి అందులోని ఛాయాచిత్రం మీద అనుమానం కలిగి గుట్టు బయటపడింది. అచ్చయిన ప్రతిదీ సత్యం కాదనడానికి ఇంతకంటె రుచికరమైన ఉదాహరణ దొరకదు.

రొట్టె మీద బొమ్మ తెప్పించాలన్న తలపు కూడ కొత్తది కాదు. 2001లో ఇంగ్లండులోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రూపకల్పన చదువుతున్న రాబిన్ సౌత్‌గేట్ అనే విద్యార్థి, ఆనాటి వాతావరణ సూచనను తెలిసికొని సూర్యుడు, మేఘం, వర్షం గుర్తులలో తగినదానిని రొట్టె మీద కాల్చి చూపే టోస్టరును తయారుచేశాడు. గొడుగు తీసికొని వెళ్లాలా వద్దా అన్నది ఫలహారమే చెబుతుందన్నమాట. కార్టూను బొమ్మల ముఖాలు ముద్రించే టోస్టర్లను ఆ తరువాత పలు సంస్థలు విక్రయించాయి.

వీటన్నిటిలోని సూత్రం ఒక్కటే. బొమ్మ కోసం రొట్టెకు రంగు పూయడం లేదు. కొన్నిచోట్ల వేడిని చేరనిచ్చి, కొన్నిచోట్ల చేరకుండ అడ్డుకోవడమే జరుగుతుంది. మన వాకిళ్ల ముందర ముగ్గు వేసే చిల్లుల గొట్టాన్ని తలచుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. గొట్టం నిండ పిండి పోసి నేల మీద దొర్లిస్తే, చిల్లులున్న చోట పిండి రాలి తీగలు, పూలు ఏర్పడతాయి. చిల్లులు లేని చోట నేల నేలగానే మిగులుతుంది. టోస్టరులో పిండికి బదులు పరారుణ కిరణాలు రాలుతాయి. కాగే పట్టీకి, రొట్టెకు నడుమ బొమ్మ ఆకారంలో కత్తిరించిన లోహపు రేకును నిలిపితే, ఆ రేకు నీడ పడిన మేర రొట్టె తెల్లగా ఉండిపోతుంది.

అయితే ఈ నీడకు గ్రహణపు నీడకున్న చిక్కే ఉన్నది. చంద్రుని నీడలో నడుమ చిక్కని ప్రచ్ఛాయ, దాని చుట్టూ పలుచని ఉపచ్ఛాయ ఏర్పడతాయని మీరు భౌతికశాస్త్రంలో చదివి ఉంటారు. సూర్యుడు చుక్క కాడు, విశాలమైన బింబం కావడమే దానికి కారణం. టోస్టరులో కూడ వేడి ఒకే బిందువు నుండి రాదు. అరచేయంత పలక నిండుగా చుట్టిన పట్టీ అంతటి నుండి వస్తుంది. అందుచేత రేకు రొట్టెకు ఎంత దూరంగా ఉంటే బొమ్మ అంచులు అంతగా అలుక్కుపోతాయి. రేకు రొట్టెను తాకుతూ ఉన్నపుడే నెమలి నెమలిలా కనబడుతుంది. లేకుంటే కోడిపుంజుగా భావించి తృప్తి పడవలసినదే.

ఇక పేరు వ్రాసుకొనదలచిన వారికి మన లిపి మరొక పరీక్ష పెడుతుంది. ఇంగ్లీషు అక్షరాలలో చాలా వాటిని రేకులో నేరుగా కత్తిరించవచ్చు. తెలుగు అక్షరాలు గుండ్రనివి. సున్నను రేకులో కత్తిరించి చూడండి. వలయంతో పాటు దాని నడిమి బిళ్ల కూడ ఊడి క్రింద పడుతుంది, చేతిలో మిగిలేది ఒక గుండ్రని రంధ్రం. బిళ్ల నిలవాలంటే దానిని చుట్టూ ఉన్న రేకుతో కలుపుతూ రెండు మూడు సన్నని వంతెనలు వదలాలి. అక్షరమే రేకుగా మిగిలేటట్లు, అంటే రొట్టె మీద తెల్లని అక్షరం వచ్చేటట్లు కత్తిరిస్తే ఈ బాధ తప్పుతుందనుకొంటాము. కాని అప్పుడు ‘ప’, ‘స’, ‘హ’ వంటి అక్షరాల మీద విడిగా నిలిచే తలకట్టు ఎక్కడికో జారిపోతుంది. ధాన్యపు బస్తాల మీద రేకు అచ్చుతో వేసిన పేర్లలో అక్షరాలు ముక్కలు ముక్కలుగా, నడుమ సందులతో కనబడతాయి. అది వ్రాసినవాని అజాగ్రత్త అని చిన్నప్పుడు అనుకొనేవాణ్ణి. ఆ సందులే అక్షరాన్ని పట్టి నిలిపే వంతెనలని తరువాత తెలిసింది.

ఈ సంగతులన్నీ నేను పుస్తకాలు చూచి మాత్రమే తెలిసికోలేదు. ఒక సెలవునాడు బిస్కట్ల డబ్బా రేకును నెమలి ఆకారంలో కత్తిరించి, మా ఇంటి పాత టోస్టరు అడుగు విప్పి, పట్టీ ముందర ఆ రేకును రెండు మడతలతో నిలబెట్టాను. రొట్టెముక్క వేసి మీట నొక్కాను. ఆ కదలికకు నెమలి ఒరిగింది. ‘టప్పు’మన్న శబ్దం వినబడింది, ఒక మెరుపు మెరిసింది, వంటిల్లు చీకటయింది. తలుపు దగ్గర పీట వేసికొని కూర్చున్న నాయనమ్మ తాపీగా అడిగింది: “గులాబి పూల అచ్చు మొలకు వేలాడుతుండంగ, గీ కరెంటు డబ్బతోని ఏం పని బిడ్డా?” ఆ ప్రశ్నకు విలువ ఆ క్షణంలో నాకు తెలియలేదు. ముందు అసలు ఏమి జరిగిందో ఆలోచించాను.

నైక్రోమ్ పట్టీకి పైన ఎట్టి తొడుగూ ఉండదు. తొడుగు ఉంటే కాలిపోతుంది. కనుక పనిచేస్తున్నంత సేపు అది 230 వోల్టుల విద్యుత్తును మోసే నగ్నమైన తీగ. ఒరిగిన నా రేకు ఒక అంచుతో పట్టీని, మరొక అంచుతో టోస్టరు లోహపు చట్రాన్ని తాకింది. చట్రానికి ఎర్తు తీగ తగిలించి ఉన్నందువలన ఆ విద్యుత్తు అపారంగా భూమిలోనికి ప్రవహించి, ఎం.సి.బి. వెంటనే పడిపోయింది. ఎర్తు లేని ఇల్లయితే, లేదా మూడు మొనల ప్లగ్గుకు బదులు రెండు మొనలది బిగించి ఉంటే, ఎం.సి.బి. కదలదు. చట్రం మాత్రం విద్యుత్తుతో నిండి, మొదట తాకిన చేతి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఎం.సి.బి. ఉన్నది కదా అన్న ధీమా చాలామందిలో కనబడుతుంది. ఒక చిన్న లెక్క వేద్దాం. 750 వాట్ల టోస్టరు 230 వోల్టుల వద్ద ఇంచుమించు 3.3 ఆంపియర్ల విద్యుత్తును తీసికొంటుంది. వంటింటి ప్లగ్గులకు వాడే ఎం.సి.బి. సాధారణంగా 16 ఆంపియర్లది. అది గోడలోని తీగలు కాలిపోకుండ కాపాడడానికి పెట్టినది. మనిషి శరీరం గుండా 30 మిల్లీ ఆంపియర్లు, అంటే టోస్టరు వాడేదానిలో సుమారు నూరవ వంతు ప్రవహించినా ప్రాణాపాయం సంభవించవచ్చు. ఆ కొద్దిపాటి ప్రవాహం ఎం.సి.బి. దృష్టికి రానే రాదు. దానిని పసిగట్టి విద్యుత్తును తెంచే సాధనం వేరే ఉన్నది, దానిని ఆర్.సి.సి.బి. అంటారు. అద్దెగదులలో అది ఉన్నదో లేదో చూచుకొని దిగేవారు ఎందరు?

మరొక మోసం కూడ ఉన్నది. మీట పైకి లేచి పట్టీ చల్లారిన తరువాత ప్రమాదం తొలగిందనుకొని చెంచాతోనో, ఫోర్కుతోనో ఇరుక్కొన్న ముక్కను తీస్తాము. కొన్ని టోస్టర్లలో ఆ మీట రెండు తీగలలో ఒకదానిని మాత్రమే తెంచుతుంది. గోడలోని ప్లగ్గుకు ఫేజు, న్యూట్రల్ తీగలు తారుమారుగా కలిపి ఉంటే, పట్టీ చల్లగా ఉన్నా దానిలో పూర్తి వోల్టేజి నిలిచి ఉంటుంది. కంటికి ఎరుపు కనబడదు, చేతికి వేడి తగలదు. ప్లగ్గును పూర్తిగా ఊడదీస్తే తప్ప దానిని నమ్మరాదు.

మరి బొమ్మల టోస్టర్లను తయారుచేసే సంస్థలు లోపల రేకును నిలపడం లేదా అని అడగవచ్చు. నిలుపుతున్నాయి. అయితే ఆ రేకు ఎంత వేడికి ఎంత వంగుతుంది, పట్టీకి ఎంత దూరంలో ఉండాలి, రొట్టె తగిలి నెట్టినా కదలకుండ ఎట్లా బిగించాలి అన్నవి ముందుగా లెక్కకట్టి పరీక్షించిన పిదపనే దానిని అంగడికి పంపుతాయి. చూడడానికి సులువుగా కనబడే ఆ డబ్బా లోపలి కథ ఎంతటిదో లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ విద్యార్థి థామస్ త్వైట్స్ అనుభవం చెబుతుంది. 2009 ప్రాంతంలో అతడు నాలుగు పౌండ్లకు లోపు ధర గల ఒక చవక టోస్టరును విప్పి చూడగా నాలుగు వందలకు పైగా భాగాలు బయటపడ్డాయి. ముడి ఖనిజం నుండి మొదలుపెట్టి తానే ఒక టోస్టరు తయారుచేయగా దానికి వేయి పౌండ్లకు మించి ఖర్చయింది. విద్యుత్తు ఇచ్చిన కొద్ది క్షణాలకే అది కరిగిపోయింది. అతని సాహసం మెచ్చదగినది. కాని ఇంట్లో రేపటి ఫలహారానికి వాడవలసిన పరికరంతో చేయదగినది కాదు.

నాయనమ్మ చెప్పిన గులాబి పూల అచ్చు దగ్గరకు వద్దాం. పొడుగాటి కాడ చివర పూరేకుల ఆకారంలో వంచిన ఇనుప లేక ఇత్తడి చట్రం అది. కాగిన నూనెలో దానిని వేడిచేసి, పలుచని పిండిలో అంచు మునగకుండ ముంచి, మరల నూనెలో పెడితే పిండి పువ్వై విడివడుతుంది. వేడి అచ్చుకు తగిలిన మేరకే పిండి అంటుకొని గట్టిపడుతుంది, తగలని చోట అంటదు. టోస్టరులో నీడ చేసే పనినే ఇక్కడ స్పర్శ చేస్తున్నది. భౌతికశాస్త్రపు మాటలలో చెప్పాలంటే అది వికిరణం, ఇది వహనం. అచ్చు పిండిలో పువ్వును పుట్టించగలిగినపుడు, రొట్టె మీద మాత్రం ఎందుకు పుట్టించరాదు?

నూనె అవసరం లేకుండానే ఈ పని చేయవచ్చు. అచ్చుకున్న పాత నూనె జిడ్డును శుభ్రంగా తుడిచి, సన్నని సెగ మీద పట్టుకోవాలి. దాని మీద నీటిచుక్క చిలకరిస్తే సుయ్యిమని ఇగిరిపోవడం తొలి దశ. చుక్క ముత్యంలా దొర్లడం మొదలైతే ఉష్ణోగ్రత 200 డిగ్రీల ప్రాంతానికి చేరినట్లే. దోసెల పెనం వేడిని మన ఇండ్లలో ఈ విధంగానే పరీక్షిస్తారు. అప్పుడు చెక్కపీట మీద పరచిన రొట్టెముక్కపై అచ్చును నిలువుగా ఆనించి, అదమకుండ, మనసులో పది లెక్కించి తీయాలి. ముందురోజు కొన్న రొట్టె అయితే పైపొర కాస్త ఆరి ఉంటుంది కనుక గీత స్ఫుటంగా పడుతుంది.

ఒక వేడికి ఎన్ని పూలు వస్తాయి? 200 గ్రాముల ఇనుప అచ్చు 250 డిగ్రీల నుండి 150 డిగ్రీలకు చల్లారిందనుకొందాం. ఇనుము విశిష్టోష్ణం గ్రాముకు, డిగ్రీకి 0.45 జౌళ్లు. మూడింటిని గుణిస్తే 9,000 జౌళ్లు. మరుగుస్థితిలో ఉన్న ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 2,260 జౌళ్లు కావాలి. అనగా ఆ వేడి అంతా రొట్టెకే అందినా ఎగిరిపోయేది ఇంచుమించు 4 గ్రాముల నీరు. గాలిలోనికి, కాడలోనికి పోయే వేడిని తీసివేస్తే మిగిలేది ఇంకా తక్కువ. పూరేకుల గీతల వెంబడి తడి ఆర్చి రంగు తేవడానికి అది ఒకటి రెండు ముక్కలకు సరిపోతుంది. మూడవ ముక్క మీద పువ్వు వెలవెలబోతుంది. కనుక ప్రతి ముక్కకు అచ్చును మరల సెగ చూపడమే మంచిది.

జాగ్రత్తలు ఇక్కడా లేకపోలేదు. కాడ కూడ వేడెక్కుతుంది. దానికి చెక్క పిడి లేకపోతే మందమైన పొడిగుడ్డతో పట్టుకోవాలి, తడిగుడ్డ వేడిని వెంటనే చేతికి చేరుస్తుంది. అంటుకోని నల్లపూత గల అచ్చులను ఉత్త మంట మీద కాల్చరాదు, ఆ పూత మితిమీరిన వేడికి చెడి హానికరమైన పొగలు విడుస్తుంది. సొంతంగా తీగ వంచి అచ్చు చేసికొనేవారు జస్తా పూత ఉన్న కట్టుతీగను వాడరాదు, స్టీలు తీగనే ఎంచుకోవాలి. అక్షరాల అచ్చు అయితే అద్దంలో చూచినట్లు తిరగవేసి వంచాలి. పాత అచ్చుయంత్రాలలోని సీసపు అక్షరాలు అందుకే కుడి ఎడమలు తారుమారైనట్లు కనబడేవి. రేకు నీడకు ఈ నియమం అక్కరలేదు, రేకును త్రిప్పి వేసికొంటే చాలు.

గ్యాసు పొయ్యి మీద కాల్చే చేతి టోస్టరు ఉన్నవారికి మరింత సుఖం. రెండు అల్యూమినియం దవడల నడుమ రొట్టెను బిగించి కాల్చే ఆ సాధనంలో విద్యుత్తు ప్రసక్తే లేదు. దాని దవడలపై ఉండే గీతలు, గళ్లు రొట్టె మీద పడడం మనం చూస్తూనే ఉంటాము. ఎత్తుగా ఉన్న గీతలు తాకిన చోట ఎరుపు, తాకని చోట తెలుపు. రెండు మూడు మిల్లీమీటర్ల మందం గల స్టీలు ముక్కను కోరిన ఆకారంలో కోసి, అంచులు అరగదీసి, దవడకు రొట్టెకు నడుమ ఉంచితే ఆ ఆకారమే ముద్ర పడుతుంది. పైనుండి కాగే విద్యుత్ ఓవెను ఉంటే నా నెమలికి కూడ చోటు దొరుకుతుంది. వంటింటి అల్యూమినియం పొరను కత్తిరించి రొట్టె మీద పరచి, పై పట్టీలకు తగలకుండ నడిమి అరలో పెట్టి కాల్చాలి. మెరిసే ఆ పొర తనపై పడిన పరారుణ కిరణాలలో తొంభై శాతానికి పైగా వెనుకకు మళ్లిస్తుంది. రొట్టెను తాకుతూ ఉంటుంది కనుక ఉపచ్ఛాయ బాధ కూడ ఉండదు. మామూలు టోస్టరు తప్ప మరేదీ లేని వారు పరికరాన్ని వదలి రొట్టెనే మార్చుకోవచ్చు. కాల్చడానికి ముందు గిన్నె అంచుతోనో, మైసూరు పాకు కోసే అచ్చుతోనో రొట్టె మీద లోతుగా అదిమితే, ఆ పల్లం సెగకు దూరమై తెల్లగా మిగులుతుంది, చుట్టూ ఎరుపెక్కుతుంది. దీనికి స్క్రూడ్రైవరుతో పని లేదు.

రంగు ఎంతవరకు తేవాలన్నది కూడ తెలిసి ఉండాలి. 2002 ఏప్రిల్‌లో స్వీడన్ ఆహార పరిపాలనా సంస్థ, స్టాక్‌హోం విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కలిసి, పిండిపదార్థాలను అధికమైన వేడి మీద కాల్చినపుడు, వేయించినపుడు అక్రిలమైడ్ అనే పదార్థం ఏర్పడుతున్నదని ప్రకటించారు. ప్రయోగశాలలో జంతువులకు కాన్సరు కలిగించినట్లు తెలిసిన పదార్థం అది. ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం చక్కెరలతో చర్య జరిపినపుడు, అంటే మనకు ప్రియమైన ఆ రంగు, వాసనలతో పాటుగానే ఇదీ పుడుతుంది. రొట్టె నల్లబడేకొద్ది దీని పరిమాణం పెరుగుతుంది. బొమ్మ స్పష్టంగా కనబడాలన్న ఆశతో గీతలను నల్లగా మాడ్చడం అందుకే తగదు. తెలుపు మీద తేనెవన్నె చాలు. నలుపు గీత దూరం నుండి బాగుంటుందేమో గాని నోటికి చేదు.

ఆనాటి సాయంత్రం నేను టోస్టరు అడుగు బిగించి అటక మీద పెట్టి, మొలకున్న అచ్చును దింపాను. మొదటి ముక్కకు వేడి ఎక్కువై పువ్వు పొగలు గ్రక్కింది. రెండవ ముక్క మీద సగం రేకులే పడ్డాయి, అచ్చును వాలుగా ఆనించాను కాబోలు. మూడవ ముక్క మీద ఎనిమిది రేకుల గులాబి నిండుగా, తేనెవన్నెలో విచ్చుకొన్నది. నాయనమ్మ దానిని చేతిలోనికి తీసికొని, వెలుతురుకు ఎత్తిపట్టి, ఇటూ అటూ త్రిప్పి చూచింది. తరువాత పాలలో ముంచుకొని తిన్నది.